పంచిన విద్య, పనివాని జీతము

కంప్యూటరు ప్రోగ్రామును దాని మూలపాఠముతో సహా, అనగా సోర్సు కోడుతో సహా, అడిగినవారికెల్ల ఇచ్చివేయు ఆచారమును గూర్చి నేడు మాటలాడువారు దానిని మొన్నమొన్న పుట్టిన ఆదర్శవాదముగానో, కొందఱు యువకుల తిరుగుబాటుగానో వర్ణించుచుందురు. కాని పాత కాలపు పుటలు తిరుగవేసి చూచినచో పంచుకొను ఆచారమే పాతదనియు, దాచుకొను ఆచారమే దాని తరువాత వచ్చినదనియు తేటపడును. 1955లో అమెరికా పశ్చిమతీరమున, లాస్ ఏంజెలెస్ ప్రాంతమున, ఐబీఎం సంస్థవారి 704 యంత్రమునకై ఎదురుచూచుచున్న సంస్థలు కొన్ని కలసి ‘షేర్’ అను పేర ఒక సంఘమును నెలకొల్పుకొనినవి. వానిలో పెక్కు విమాన నిర్మాణ సంస్థలు. ప్రభుత్వపు కాంట్రాక్టులకై ఒకదానితో నొకటి హోరాహోరిగా పోటీపడునట్టివి. అట్టి సంస్థలే, యంత్రమునకు వలయు ప్రోగ్రాముల విషయమున మాత్రము వైరము మఱచి, ఒకరు వ్రాసినదానిని మఱొకరికి పంచ్‌కార్డుల కట్టలుగాను టేపులుగాను పంపుకొనుచుండెను. ఇందు త్యాగమేమియు లేదు. యంత్రము అద్దెకు తెచ్చుకొనినది, ఆ అద్దె నెలకు వేలాది డాలర్లు. ప్రోగ్రాము అంగడిలో దొరకు వస్తువు కాదు. ఒకే లెక్కను నలుగురు నాలుగుచోట్ల మొదటినుండి వ్రాసికొనుట వట్టి దుబారా. వ్రాయువానికి నెలజీతము విమానసంస్థ ఇచ్చుచుండెను గనుక, అతడు వ్రాసినది ఎవరికి పోయినను అతని కూటికి లోటు రాలేదు.

ఈ చివరి మాటయందే ఈ ఆచారపు కథ చాలవఱకు ఇమిడియున్నది. ప్రోగ్రామునకు నకలు తీయుట ఖర్చులేని పని. దానిని వ్రాయువానికి మాత్రము ఆకలి కలదు, ఇంటి అద్దె కలదు, పిల్లల బడిజీతము కలదు. ఆ జీవిక ఏ దిక్కునుండి వచ్చినదో ఆ దిక్కును బట్టియే ఒక్కొక్క కాలమున సోర్సు కోడు తెఱవబడినది, ఒక్కొక్క కాలమున మూయబడినది. గడచిన డెబ్బదియేండ్లలో ఈ రంగమున వచ్చిన మలుపులను వరుసగా చూచినచో, ప్రతి మలుపు వెనుకను ఎవడో యొకడు ఉద్యోగము మానుటయో చేరుటయో, ఎవరో యొకరు జీతమిచ్చుటయో ఎగవేయుటయో కానవచ్చును. మాకు పని తప్ప రాజకీయము లక్కఱలేదని చెప్పుకొను సాఫ్ట్‌వేరు వృత్తివారు ఈ చరిత్రను తెలిసికొనుట మేలని నాకు తోచుచున్నది. నేనును ఆ వృత్తివాడనే, పగలు జీతమునకు పనిచేసి, రాత్రులు పరులు వ్రాసిన ప్రోగ్రాములను విప్పి బిగించుకొను అలవాటు గలవాడనే.

మొదటి మలుపు న్యాయస్థానపు నీడలో వచ్చినది. 1969 జనవరిలో అమెరికా న్యాయశాఖవారు ఐబీఎంపై గుత్తాధిపత్య నిరోధపు దావా వేసిరి. ఆ యేటి జూన్ 23న ఆ సంస్థ, అంతవఱకు యంత్రపు వెలలోనే కలిపియిచ్చుచుండిన ప్రోగ్రాములలో పెక్కింటికిని, సేవలకును ఇకమీదట వేఱుగా వెలకట్టెదమని ప్రకటించెను. నాటితో ప్రోగ్రాము సరకైనది. దీనిని దుర్మార్గమనుట తగదు. యంత్రము చేయువాని పంచలోనుండి బయటపడి, కేవలము ప్రోగ్రాములు వ్రాసి బ్రదుకదలచిన స్వతంత్రులకు ఇది జీవనమార్గము చూపెను. అయితే సరకైన వస్తువునకు తాళము కూడ కావలసివచ్చును. ఆ తాళము బిగియుటకు పదియేండ్లు పట్టినది.

తాళమెవరు వేయవలెనను తగవు 1975లో ముదిరినది. అల్టెయిర్ అను చిన్న కంప్యూటరు ఆ కాలమున విడిభాగముల పెట్టెగా టపాలో వచ్చుచుండెను. దానికి బేసిక్ భాషను అమర్చిన యువకులు బిల్ గేట్స్, పాల్ ఆలెన్. కాలిఫోర్నియాలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బను ఔత్సాహికుల సంఘమువారికి, అల్టెయిర్ ప్రదర్శన జరిగిన చోట, ఆ బేసిక్ గల కాగితపు టేపు ఒకటి చేజిక్కెను. చిల్లులు పొడిచిన ఆ కాగితపు పట్టీకి ఒక సభ్యుడు పదులకొలది నకళ్లు తీసి, తరువాతి సమావేశమునకు పెట్టెలో పెట్టి తెచ్చి పంచిపెట్టెను. ఒక టేపు పట్టుకొనిపోయినవాడు వచ్చుసారి రెండు టేపులతో రావలెననునది ఒక్కటే నియమము. వడ్డీ నూటికి నూఱన్నమాట! 1976 ఫిబ్రవరిలో గేట్స్ ఆ ఔత్సాహికుల నుద్దేశించి ఒక బహిరంగలేఖ వ్రాసెను. అల్టెయిర్ కొన్నవారిలో నూటికి పదిమందియైనను బేసిక్‌ను వెలయిచ్చి కొనలేదనియు, దానిని తయారుచేయుటకు వాడిన యంత్రకాలము విలువయే 40,000 డాలర్లు దాటినదనియు, వచ్చిన రాబడిని పడిన శ్రమకు పంచిచూచినచో గంటకు రెండు డాలర్లయినను గిట్టలేదనియు అందు లెక్కచెప్పెను. కూలి లేకుండ ఇంత నిపుణమైన పని చేయగలవారెవరని ఆ లేఖ అడిగిన ప్రశ్న సహేతుకమైనది. దానిని తిట్టినవారు పలువురు గాని, దానికి సూటిగా బదులు చెప్పినవారు నాడు కొద్దిమందియే. అయినను ఆ లెక్కలో ఎక్కని పద్దులు రెండు కలవు. ఆ యంత్రకాలము గడచినది హార్వర్డ్ విశ్వవిద్యాలయములోని పీడీపీ-10 కంప్యూటరుపైన. దానికి సొమ్ము సమకూర్చినది అమెరికా రక్షణశాఖ. ఇక బేసిక్ భాష మాటయందురా, అది 1964లో డార్ట్‌మత్ కళాశాల గణితాచార్యులైన కెమెనీ, కర్ట్స్ తమ విద్యార్థులకై రూపొందించి లోకమునకు వదలినది. ప్రజాధనముపైనను పూర్వుల దానముపైనను కట్టిన ఇంటికి తలుపు బిగించి తాళమువేయు పద్ధతి ఇటుల మొదలయ్యెను.

ఇదే కాలమున మఱొక దిక్కున, తాళము వేయుటకు చట్టమే అడ్డుపడిన ఉదంతము నడచుచుండెను. 1969లో బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును ఆరంభించిరి. వారి యజమాని ఏటీ అండ్ టీ, అమెరికా టెలిఫోను వ్యవస్థకు గుత్తదారు. 1956లో ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ప్రకారము అది టెలిఫోను వ్యవహారము దాటి ఇతర వ్యాపారములలో దిగరాదు. అమ్ముకొను వీలు లేకపోవుటచే ఆ సంస్థ యూనిక్స్‌ను సోర్సు కోడుతో సహా విశ్వవిద్యాలయములకు నామమాత్రపు రుసుముపై ఇచ్చుచుండెను. చట్టము ఒక గుత్తదారు చేతులు కట్టుటచే ఒక తరము విద్యార్థులకు కన్నులు తెఱపుడు పడినది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున బోధించుచుండిన జాన్ లయన్స్ ఆ కోడు ఆఱవ ఎడిషనునకు పంక్తిపంక్తికి టీక వ్రాసి 1970ల నడుమ తరగతిలో పాఠము చెప్పెను. 1979లో వచ్చిన ఏడవ ఎడిషను లైసెన్సు, కోడును తరగతి గదిలో పాఠముగా చెప్పరాదని శాసించెను. నాటినుండి లయన్స్ టీక నకలుకు నకలుగా, ఫోటోకాపీల అక్షరములు అలికిపోవునంతవఱకు, చేతులు మాఱుచు లోకమెల్ల తిరిగెను. అది బహిరంగముగా అచ్చగుటకు 1996 రావలసివచ్చెను. పాఠము చెప్పుటకు కోడు లేక ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో మినిక్స్ అను చిన్న సిస్టమును తానే స్వయముగా వ్రాసికొనెను. బర్క్‌లీ విశ్వవిద్యాలయమున రక్షణశాఖ ధనముతో యూనిక్స్‌ను విస్తరించిన విద్యార్థుల కృషిపైన 1992లో దావా పడి, రెండేండ్ల తరువాత రాజీతో ముగిసెను. ప్రజల సొమ్ముతో పెరిగిన విద్య, చట్టము సందు ఇచ్చిన దినముననే వ్యాపారపు సొత్తుగా మాఱజూచుట ఇందంతట గోచరించును.

ఇట్టి కాలమున మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీవారి కృత్రిమ మేధా ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరుండెను. 1971లో విద్యార్థిగా ఉండగనే అచ్చట పనిలో కుదిరినవాడు. ఆ ప్రయోగశాలలో యంత్రములకు గాని ప్రోగ్రాములకు గాని దాపరికము లేదు; ఎవని కోడునైనను ఎవడైనను దిద్దవచ్చును. అచ్చటి పాత ప్రింటరులో కాగితము ఇఱుకుకొన్నపుడు, అచ్చుకై కాచుకొనియున్నవారి తెఱలపై ఆ కబురు కనబడునట్లు అతడు ఒక చిన్న సదుపాయము చేసియుండెను. ప్రింటరున్న అంతస్తు వేఱు, మనుష్యులున్న అంతస్తు వేఱగుటచే ఆ కబురే లేనిచో గంటలు వ్యర్థమగును. తరువాత జిరాక్సు సంస్థవారు కానుకగా ఇచ్చిన లేజర్ ప్రింటరు వచ్చెను. దాని సోర్సు కోడు రాలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఒకరియొద్ద ఆ కోడు కలదని విని, స్టాల్‌మన్ అచ్చటికి పోయినపుడు అడిగెను. ఎవరికిని ఇవ్వనని సంతకము చేసియున్నానని ఆయన చెప్పి పంపెను. మాట పట్టింపున కిది చిన్న విషయమే. కాని ఒక సంతకము ఇద్దఱు పండితుల నడుమ గోడ కట్టగలదని అతనికి ఆనాడు అర్థమైనది. ఆ పిమ్మట 1980 దశకపు మొదటి సంవత్సరములలో సింబాలిక్స్ అను సంస్థ మంచి జీతములిచ్చి ఆ ప్రయోగశాలలోని హేమాహేమీలను తన కొలువులోనికి తీసికొనిపోయెను. గది ఖాళీ అయ్యెను. ఆచారము కూడ దానితో పోయెను. పోయినవారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఆచారమునకు నెలజీతము కంటె బలమైన పునాది ఏర్పడకపోవుట అసలు లోపము.

1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్, యూనిక్స్‌ను పోలిన స్వేచ్ఛా సిస్టము నొకదానిని జీఎన్‌యూ అను పేర వ్రాసెదనని ప్రకటించి, 1984 జనవరిలో ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చెను. కారణమేమనగా, ఉద్యోగి వ్రాసినదానిపై విద్యాసంస్థ హక్కు చెప్పి, దానిని అమ్ముకొనవచ్చును. ప్రయోగశాల అధిపతి పాట్రిక్ విన్‌స్టన్ మాత్రము అతనిని అచ్చటి యంత్రములు వాడుకొననిచ్చెను. జీతము మానినవాడు ఎటుల బ్రదికెనని అడుగుట ఈ వ్యాసమునకు ముఖ్యము. ఈమాక్స్ అను తన ఎడిటరు గల టేపును 150 డాలర్లకు అమ్మెను. కొన్నవాడు దానికి నకలు తీసి పంచుకొనుటకు అభ్యంతరము చెప్పలేదు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను నెలకొల్పబడెను. 1990లో అతనికి మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ లభించెను. జీఎన్‌యూ కంపైలరుకు మరమ్మతులును మార్పులును చేసిపెట్టి సొమ్ము పుచ్చుకొనుటకు 1989లో సిగ్నస్ అను సంస్థ పుట్టెను. కోడునకు వెల లేకున్నను పనికి వెల ఉండుననునది దాని వర్తకసూత్రము. తరువాతి కాలమున ఈ రంగమున బ్రదికిన సంస్థలు చాలవఱకు ఆ సూత్రము ననుసరించినవే.

1989లోనే వెలువడిన జీపీఎల్ అను లైసెన్సు నిర్మాణము మన ధర్మశాస్త్ర పండితులు సైతము మెచ్చదగినది. కాపీరైటు చట్టము రచయితకు నకళ్లను ఆపు హక్కు ఇచ్చుచున్నది. ఆ హక్కును వదలుకొనినచో కోడును ఎవరైనను తీసికొని, మార్చి, తాళమువేసి అమ్ముకొందురు. కావున జీపీఎల్ ఆ హక్కును వదలదు. దానినే పట్టుకొని షరతు పెట్టును: నడుపుకొనుము, చదువుకొనుము, మార్చుకొనుము, పంచుకొనుము. అయితే మార్చిన దానిని ఇతరుల కిచ్చునపుడు సోర్సు కోడును, ఈ స్వేచ్ఛలనే వారికిని ఇయ్యవలయును. దాచుటకై చేసిన చట్టము దాపరికమునకే అడ్డుకట్టయయ్యెను. ఇది సాంకేతిక విజయమను కంటె రాజకీయ విజయమనుట తగును. ఏలయనగా రాజకీయము పదవులలో మాత్రమే ఉండదు, ఎవరి సొత్తు ఎవరి చేతిలో నిలుచునను ఏర్పాటులోను ఉండును.

సిస్టమునకు పనిముట్లన్నియు సమకూడినను, దానికి ప్రాణమువంటి కెర్నెలు మాత్రము జీఎన్‌యూవారికి కుదురలేదు. ఆ లోటు తీర్చినవాడు ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్. 1991 జనవరిలో వాయిదాలపై కొన్న 386 కంప్యూటరుపై, మినిక్స్‌తో తృప్తిలేక, తన సరదాకొఱకు వ్రాసికొనుచున్న కెర్నెలును గూర్చి ఆగస్టు 25న నలుగురికి తెలిపెను. లినక్సను ఆ కెర్నెలు మొదటి ప్రతి సెప్టెంబరులో వెలువడెను. ఆరంభపు లైసెన్సు ప్రకారము దానిని సొమ్ము తీసికొని పంచరాదు; 1992 ఆదిలో అతడు దానిని జీపీఎల్ క్రిందికి మార్చెను. కంప్యూటరు వాయిదాల బాకీని దానిని వాడుకొనువారే చందా వేసికొని తీర్చిరి. టోర్వాల్డ్స్ తండ్రి యౌవనమున కమ్యూనిస్టు. ఆ వాదములు ఇంట వినివిని కాబోలు, కుమారునికి సిద్ధాంతములయందు మక్కువ లేకపోయెను, పని బాగుండిన చాలుననుటయే అతని మతము. అయినను ఒక్క విషయము గమనింపదగినది. ఆనాటి ఫిన్లాండున విశ్వవిద్యాలయ విద్యకు రుసుము లేదు. విద్యార్థికి ప్రభుత్వ సహాయము కలదు. చదువు ఎనిమిదేండ్లు సాగినను అప్పులవాడు తలుపు తట్టడు. రాజకీయము లొల్లనన్న ఆ యువకుని తీరిక, ఒక దేశపు రాజకీయ నిర్ణయము పెట్టిన భిక్షయే.

ఆ పిమ్మటి కథ వేగముగ నడచినది. 1997లో ఎరిక్ రేమండ్ అను ప్రోగ్రామరు, పలువురు కలసి బహిరంగముగా కోడు వ్రాయు ఈ పని విధానమును సమర్థించుచు ఒక వ్యాసమును చదివెను. 1998 జనవరిలో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు కోడును బయటపెట్టెదనని ప్రకటించెను. ఫిబ్రవరిలో పాలో ఆల్టోలో సమావేశమైనవారు, వర్తకులు జంకకుండుటకై, ఈ ఆచారమునకు ఓపెన్ సోర్స్ అను క్రొత్త పేరు పెట్టిరి. 1999 ఆగస్టులో లినక్సుపై వ్యాపారము చేయు రెడ్ హ్యాట్ సంస్థ వాటాలు అంగడి కెక్కినవి. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్సును పుట్టకురుపుతో పోల్చి నిందించెను; అదే సంస్థ 2018లో స్వేచ్ఛా కోడునకు నిలయమైన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనెను. మఱుసటి యేడు ఐబీఎం రెడ్ హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకు కొనెను. నేడు లినక్సు కెర్నెలునకు వచ్చు మార్పులలో అధికభాగము పెద్ద సంస్థల జీతగాండ్రు వ్రాసినవే. షేర్ సంఘపు కాలమువలెనే పరస్పరము పోటీపడు సంస్థలు పంచుకొని పనిచేయుచున్నవి. ఏ భాగము పంచవలెను, ఏ భాగము దాచవలెననునది మాత్రము జీతమిచ్చువారి గదిలో తీర్మానమగుచున్నది.

ప్రభుత్వములును ఈ తగవులో వేలు పెట్టకుండ లేవు. జర్మనీలో మ్యూనిక్ నగరసభ 2003లో తన కార్యాలయపు కంప్యూటర్లను లినక్సునకు మార్చ తీర్మానింపగా, బామర్ స్వయముగా పోయి మేయరును కలిసికొనెను. నగరము లొంగక, పదునాలుగు వేలకు పైబడిన యంత్రములను మార్చినది. పాలకవర్గము మాఱిన పిమ్మట 2017లో మరల విండోస్‌వైపు మొగ్గినది. సాఫ్ట్‌వేరుపై పేటెంట్లకు దారితీయు ముసాయిదాను ఐరోపా పార్లమెంటు 2005 జూలై 6న 648 ఓట్లకు 14గా త్రోసిపుచ్చెను. మన దేశమున 2004 డిసెంబరులో వచ్చిన ఆర్డినెన్సు అట్టి పేటెంట్లకే కొంత సందిచ్చినది. 2005లో పార్లమెంటు చట్టము చేయునపుడు, వామపక్షముల పట్టుదలచే, ఆ సందు మూసివేయబడి, కేవలము కంప్యూటరు ప్రోగ్రామునకు పేటెంటు ఈయరాదను 3(k) నిబంధన యథాతథముగ నిలిచెను. ఒక యువకుడు హైదరాబాదులో గదిలో కూర్చుండి వ్రాసిన కోడుపై పేటెంటు నోటీసు వచ్చి పడకుండుటకు ఆ నిబంధన ఒక కాపు. కేరళ ప్రభుత్వము తన బడుల కంప్యూటరు విద్యను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపై నడిపినది.

తెలుగువారి పాలు ఇందెంత? 1998 నవంబరులో మాదాపూరున సైబర్ టవర్స్ తెఱచినది మొదలు మన జిల్లాల యువజనమునకు ఈ వృత్తి ఒక కులవృత్తివలె అబ్బినది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపట్ల గోడలనిండ వ్రాసియుండు కోర్సుల పేర్లు చూచినచో, ఏ ఏట ఏ కొలువునకు గిరాకీయో పంచాంగము చూడనక్కఱలేక తెలియును. జావా, ఒరాకిల్, శాప్, తరువాత టెస్టింగు, ఆపైన క్లౌడు: ఏ పనిముట్టుపై ఉద్యోగమో ఆ పనిముట్టుపై మోజు. అప్పుచేసి వచ్చిన రైతుబిడ్డను, కోర్సు ముగియగనే జీతము చూపవలసినవానిని, ఇందునకు నిందించుట నిర్దయ. పరుల కోడును ఉచితముగా దిద్దు తీరిక, ఏ దేశమునందైనను, ముందు కడుపునిండినవారికే దొరకినది. అయినను మన భాషకు కంప్యూటరులో చోటు కల్పించినవారు ఆ తీరికను ఎట్లో సంపాదించుకొన్నవారే. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన తెలుగు విద్యార్థులు, ఆంగ్లలిపి కీబోర్డుపై తెలుగు వ్రాయుటకు ఆర్‌టీఎస్ అను పద్ధతిని ఏర్పఱచిరి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను యూనికోడ్ ఫాంట్లను రూపొందించి జీపీఎల్ క్రింద లోకమున కిచ్చిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. 2005లో హైదరాబాదున ఆరంభమైన స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో మాటలాడు లినక్సును సిద్ధముచేయుటకు విద్యార్థులను కూడగట్టెను. మెనూలోని ప్రతి పదమునకు తెలుగు వెదకుచు, ఒత్తులు గుణింతములు తెఱపై చెదరిపోకుండ సరిచూచుచు గడపిన ఆ శ్రమకు జీతపుచీటి లేదు. ఆ శ్రమ విలువ ఏమనగా, 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరము కనబడినంతనే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలిన ఉదంతమును స్మరించినచో తెలియును. ఆపిల్ సంస్థకు వెలుపల కోట్ల తెలుగువారున్నను, ఆ కోడును తెఱచి దిద్దుటకు అధికారము గలవాడు వారిలో ఒక్కడును లేడు. ఆ సంస్థ తీరికచేసికొని 11.2.6 ప్రతిని విడుదల చేయునంతవఱకు మన అక్షరమునకు మనము ఎదురుచూడవలసినదే. స్వేచ్ఛా ఫాంటులో తప్పుండినచో దానిని దిద్దుటకు మన ఊరివాడైనను చాలును.

దిద్దువాడు ఉండవలెననునదే అసలు షరతు. 2014 ఏప్రిలులో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అను దోషము, లోకమందలి వెబ్ సర్వర్లలో పెద్దభాగమునకు రక్షణకవచమైన ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో పుట్టినది. బ్యాంకులు, అంగళ్లు, ప్రభుత్వములు దానిపై ఆధారపడియుండగా, దానికి ఏటేట వచ్చు విరాళములు సుమారు రెండువేల డాలర్లు. దోషము బయటపడిన తరువాతనే పెద్ద సంస్థలు తలయింత సొమ్ము కూడబెట్టినవి. ఇంతకంటె సూక్ష్మమైన పాఠము 2024లో వచ్చినది. ఎక్స్‌జెడ్ అను ఫైళ్లను కుదించు పనిముట్టును ఏండ్లకొలది ఫిన్లాండునందు ఒకే ఒక నిర్వాహకుడు, జీతము లేక, మోయుచుండెను. 2021 మొదలు ‘జియా తాన్’ అను మాఱుపేరుతో ఒకడు సాయముచేయ వచ్చి మంచి కోడునే పంపి నమ్మకము సంపాదించెను. ఈలోగా ఎవరో అపరిచితులు, పని నెమ్మదిగా సాగుచున్నదని ఆ నిర్వాహకుని జాబులతో వేధించి, అధికారము పంచుకొనునట్లు ఒత్తిడిచేసిరి. అధికారము చేజిక్కిన పిమ్మట ఆ సాయకుడు 2024 ఫిబ్రవరిలో విడుదలైన ప్రతిలో సర్వర్లలోనికి దొంగదారి తవ్వెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను డేటాబేసు నిపుణుడు తన యంత్రములోనికి లాగిన్ అగుటకు అరసెకను అధికముగా పట్టుచున్నదని గమనించి, ఆ అరసెకను ఎచ్చట పోవుచున్నదని పట్టువదలక తవ్వి చూచి, మార్చి 29న ఆ గుట్టు రట్టుచేసెను. ఆయన మైక్రోసాఫ్ట్‌వారి జీతగాడు. కూలి లేక పనిచేయువారెవరని 1976లో అడిగిన గేట్స్ సంస్థయే జీతమిచ్చి పోషించిన మనుష్యుడు, తెఱచియుంచిన కోడును చదువగలుగుటచే, లోకమునకు వచ్చిన గండమును తప్పించెను. తెఱచియుంచుట ఒక్కటియే చాలదు, జీతము ఒక్కటియే చాలదు. రెండును కూడిన చోటనే ఈ ఆచారము నిలిచినది.

మన రాయలసీమ గ్రామములలో చెఱువు తవ్వించినవానికిని, ఏటేట కట్ట మరమ్మతు చేయించువానికిని దశబంధమను పేర మాన్యమిచ్చు ఏర్పాటుండెను. చెఱువు క్రింది ఆదాయమున పదవవంతు అతనికి చెందునట్లు శాసనములు వ్రాసిరి. నీరు ఊరందఱిది, కట్ట కాచువాడు గాలి భోంచేయడని మన పెద్దలు ఎఱుగుదురు. జర్మనీ ప్రభుత్వము 2022లో సావరిన్ టెక్ ఫండ్ అను నిధిని స్థాపించి, అందఱును వాడుకొను కోడునకు మరమ్మతు చేయువారికి ప్రజాధనమునుండి వేతనమిచ్చుట మొదలుపెట్టినది. మన రెండు తెలుగు రాష్ట్రములును, సాఫ్ట్‌వేరు ఎగుమతులను ప్రతి బడ్జెటు ప్రసంగమునందును కీర్తించుకొనునవి, తమ కార్యాలయములు నడచుచున్న స్వేచ్ఛా కోడునకును, తమ భాష నిలుచుచున్న ఫాంట్లకును, అక్షరదోషమును సరిచూచు పనిముట్లకును పద్దు వ్రాయుట న్యాయము. మన విశ్వవిద్యాలయములు ఇట్టి మరమ్మతు పనిని పట్టభద్రుల సాధనగా గుర్తించి మార్కులు వేయుటకు పైసా ఖర్చు కూడ లేదు. కొలువు ఎంచుకొను యువకుడు జీతమెంతయని అడుగుట ధర్మమే. తాను వ్రాసినది రేపు ఎవరి చేతిలో మిగులునని రెండవ ప్రశ్నగా అడుగుట కూడ అతని వృత్తిలో భాగమే. విమానసంస్థల గుమాస్తాలు మొదలు హెల్సింకి విద్యార్థివఱకు ఈ విద్యను నిలిపినవారికి ఆ ప్రశ్న అడుగగల నెమ్మది ఎవరో యొకరు జీతముగానో, చందాగానో, ప్రభుత్వ సహాయముగానో సమకూర్చిరి. ఆ నెమ్మదిని రాబోవువారికి సమకూర్చు బాధ్యత ఈ కోడుపై లాభపడిన మనందఱిపైన కలదు.